ఎర్రగా వేగిన అప్పడాలు

మా అమ్మకు ప్రేరణ ఎవరో కనుక్కుని పోదామని పోయిన నెల ఒక అమ్మాయి హబ్సిగూడలో మా ఫ్లాటుకు వచ్చింది. సొంతంగా వ్యాపారాలు పెట్టుకున్న ఆడవాళ్ళ సంఘం ఒకటి ప్రత్యేక సంచిక వేస్తోందట. అందులో పాతతరం వాళ్ళకు తలా ఒక పేజీ. ఉప్పల్లో అప్పడాలు చేసి, చేయించి, పాతికమంది ఆడవాళ్ళకు పని చూపించిన మా అమ్మకూ ఒక పేజీ దక్కింది. అమ్మాయి చురుకైనది, మర్యాద తెలిసినది. కాఫీ తాగి, ఫోన్లో రికార్డింగు నొక్కి, "అమ్మగారికి ఇన్‌స్పిరేషన్ ఎవరు ఆంటీ?" అని అడిగింది. "మా నాన్నగారి జీతం" అన్నాను. నవ్వింది. నేనూ నవ్వాను. ఇలాంటివాళ్ళ కోసం నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే నాలుగు ముక్కలు చెప్పి, అమ్మ ఫొటో ఒకటి ఇచ్చి పంపించాను. తలుపు వేసి వచ్చి కూర్చున్నాక ఏ పనీ చేయబుద్ధి కాలేదు. చెప్పింది అబద్ధమేమీ కాదు. కాని ఆ పేజీలో ఉండాల్సిన మనిషి పేరు ఈసారి కూడా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇంకా ఎవరి పరువు కాపాడుతున్నానో నాకే తెలియదు. ఆ మనిషి పేరు సత్తెమ్మ.

మేము తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్ళం. నాన్నకు హబ్సిగూడలోని ఒక పరిశోధనశాలలో గుమాస్తా ఉద్యోగం వస్తే, అద్దె తక్కువని ఉప్పల్లో ఇల్లు తీసుకున్నాం. అప్పటి ఉప్పల్ ఎలా ఉండేదో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. ఇవాళ మెట్రో స్తంభాలు నిలబడ్డ వైపంతా ద్రాక్షతోటలు. తోటలకు మందు కొట్టిన రోజున ఊరంతా మైలుతుత్తం వాసన వేసేది, ఆ పూట అన్నంలో కూడా అదే వాసన తగిలేది. మాది షాబాదు బండలు పరిచిన మూడు గదుల ఇల్లు. ముందు పొడుగాటి వరండా, వెనక బావి, బావి పక్కన గుబురుగా ఆముదం చెట్లు. ఇంట్లో అమ్మ, నాన్న, అక్క, నేను, మా అందరి మీదా నాయనమ్మ. నాయనమ్మ ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడలేదు, ఆ అవసరం ఆమెకు రానే లేదు. వరండాలో ముక్కాలిపీట మీద కూర్చుని, ముక్కుపొడుం డబ్బీ మూత టకటకా కొట్టిందంటే అమ్మ చేతిలో పని చేతిలోనే వదిలి వచ్చి నిలబడేది. నాన్న సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఏ పంచాయితీ వచ్చినా ఆయనకు సరిగ్గా అప్పుడే సైకిలుకు గాలి కొట్టుకోవాలనిపించేది.

అమ్మ చేతి అప్పడాలకు మా చుట్టాల్లో పేరుండేది. మినప్పిండిలో మిరియాలు, జీలకర్ర, ఇంగువ వేసి, పిండి పొంగడానికి అప్పడాల ఖారం అనే ఒక రకం ఉప్పు నీళ్ళలో కరిగించి కలిపి, నూనె రాసుకుంటూ రోట్లో వేసి రోకలితో దంచేది. పిండి తాడులా సాగేదాకా దంచాక దారంతో ఉండలు కోసి, ఒక్కొక్కటీ ఒత్తి, వరండాలో పాత పంచె పరిచి నీడకు ఆరబెట్టేది. చేసినవన్నీ ఊరికే పంచిపెట్టడానికే. నాన్న ఆఫీసులో వాళ్ళకు, తెనాలి వెళ్ళేవాళ్ళ చేతికి, ఇంటివాళ్ళకు. ఆ వరుసలో మా బావికి మంచినీళ్ళకు వచ్చే సత్తెమ్మకు కూడా ఒకరోజు నాలుగు అప్పడాలు ఇచ్చింది.

సత్తెమ్మ పెనిమిటి మా ఇంటి వెనక ద్రాక్షతోటకు కాపలా మనిషి. పెళ్ళై పద్నాలుగేళ్ళయినా వాళ్ళకు పిల్లల్లేరు. అప్పుడే నాచారంలో ఫ్యాక్టరీల షెడ్లు లేస్తుంటే, అక్కడ ఇటుకలూ ఇసుకా మోసే పనికి పోయేది. నల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళంతో ఉండే మనిషి. అమ్మను వదినె అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. ఆ రోజు అప్పడాలు కొంగున కట్టుకుంటూ, వరండా నిండా పరిచి ఉన్నవాటిని చూసి, "గివన్ని ఎవ్వరికి వదినె?" అని అడిగింది. మనవాళ్ళకేనని అమ్మ చెప్పింది.

"ఉత్తగనేనా?"

"అప్పడాలకు ఎవరైనా డబ్బులు తీసుకుంటారా సత్తెమ్మా?"

"ఉత్తగ తినెటోళ్ళు మంచిగున్నయంటరు గని మల్ల యాది జేసుకుంటరా? నాచారంల గన్ని షెడ్లు లేస్తున్నయ్. గండ్ల పని జేసెటోళ్ళు అన్నంల ఏం నంజుకుంటరు? నాకు గీ పని నేర్పియ్యి వదినె, నేను తిరిగి అమ్ముకొస్త. పొద్దుమీకేదాక ఎండల తట్ట మోసి మోసి నడినెత్తి మీద ఎంటికలు ఊడినయ్, సూడు. నీడకు కూసోని జేసె పని ఒక్కటి దొరికితే నాకు గంతే సాలు."

తల వంచి చూపించింది కూడా. నడినెత్తిన అరచేయంత మేర జుట్టు పలచబడి చర్మం కనిపిస్తోంది. అమ్మ ఆ నెత్తి వంక చాలాసేపు చూసింది. మా ఇంట్లో అప్పడాల వ్యాపారం మొదలైంది అక్కడ. నీడకు కూర్చుని పని చేసుకోవాలన్న ఒక ఆడమనిషి కోరిక, అంతే. దీనికి ప్రత్యేక సంచికలో ఏ హెడ్డింగు పెడతారో నాకు తెలియదు.

అప్పడాలమ్ముకు బతికే గతి మనకు పట్టిందా అని నాయనమ్మ రెండు రోజులు అన్నం సగమే తింది. నాన్న సైకిలుకు గాలి కొట్టుకున్నాడు. అమ్మ అంతవరకు ఏ విషయానికీ పట్టుబట్టిన మనిషి కాదు, దీనికి మాత్రం పట్టుబట్టింది. నెల తిరక్కుండా సత్తెమ్మ చెయ్యి అమ్మ చేతికంటే తేలికైంది. ఆమె ఒత్తిన అప్పడం అరచేతిలో పెట్టుకుంటే కింద చేతి గీతలు లీలగా కనిపించేవి. పొద్దున ఒత్తేది, సాయంత్రం గంప నెత్తిన పెట్టుకుని నాచారం పోయేది, ఖాళీ గంపతో తిరిగొచ్చేది. ఏడాది తిరిగేసరికి మా వీధిలోనే టైలరు భార్య, బడి పంతులు భార్య కూడా వచ్చి చేరారు. వరండాలో వరసగా నాలుగు పీటలు, నాలుగు కర్రలు. ఒక్కోసారి నాలుగూ ఒకే లయలో పడి ఇల్లంతా ఆ చప్పుడే వినపడేది. అమ్మ "ఏమండీ" అని నాన్నను పిలిచినప్పుడల్లా సత్తెమ్మ "అండి ఎక్కడ పాయె, బండి ఎక్కడ పాయె" అని వెక్కిరించేది. అమ్మ అంతగా నవ్వడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

అయితే నాయనమ్మ ఒప్పుకుంది ఒక షరతు మీద. నెలలో బయట చేరిన మూడు రోజులూ ఎవరూ పిండి తాకకూడదు. ఇది ఆమె కొత్తగా పెట్టిన రూలు కాదు. వడియాలైనా అప్పడాలైనా ముట్టు తగిలితే ఎర్రబడతాయని, నూనెలో పడగానే అప్పడమే నిజం చెప్పేస్తుందని మా వైపు అందరూ నమ్మేవాళ్ళు. సత్తెమ్మ వైపు వాళ్ళూ నమ్మేవాళ్ళు. ఎవరి రోజులు వాళ్ళే చెప్పి ఆ మూడు రోజులూ పనికి రారు, అంతా నమ్మకం మీద నడిచేది. ఎవరు ఎప్పుడు రాలేదో నాయనమ్మ మాత్రం మనసులో పెట్టుకునేది.

ఇక నా సంగతి. అక్క పెద్దమనిషైన రోజునే నాయనమ్మ బడి మానిపించింది. అక్క అప్పుడు ఏడో తరగతి. పుస్తకాల సంచి ఊచకు తగిలించి ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది, కొన్నాళ్ళకు అందులో పప్పులు పోసుకున్నారు. రెండేళ్ళు తిరిగేసరికి పెళ్ళైపోయింది. నాకు లెక్కలంటే ప్రాణం, మా టీచరంటే అంతకంటే ప్రాణం. అందుకని ఎనిమిదో తరగతి పరీక్షల ముందు నా వంతు వచ్చినప్పుడు ఎవరికీ చెప్పలేదు. పాత గుడ్డలు చింపుకున్నాను, అందరూ కునుకు తీసే మధ్యాహ్నం వేళ ఆముదం చెట్ల చాటున లంగా ఉతుక్కున్నాను, తడిది తడిగానే కట్టుకున్నాను. పదమూడేళ్ళ పిల్ల అంత గుట్టుగా ఎలా నెట్టుకొచ్చిందో తలచుకుంటే ఇప్పుడు నాకే భయం వేస్తుంది. వేసవి సెలవుల్లో నేనూ అప్పడాల పనిలో కూర్చునేదాన్ని. ఆ మూడు రోజులూ కూర్చోకపోతే పట్టుబడతాను. కూర్చున్నాను. ఉండలు కోశాను, నూనె రాశాను, పిండి మీద తడిగుడ్డ కప్పాను.

ఆ వైశాఖంలోనే నాచారంలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీను వాళ్ళు సత్తెమ్మ మాట మీద మొట్టమొదటి పెద్ద ఆర్డరు ఇచ్చారు. అది కుదిరితే నెలనెలా ఇస్తామన్నారు. ఎండలకు బావి ఎప్పుడూ లేనంతగా అడుగంటింది, వారం రోజులు ఇల్లు ఇల్లులా లేదు. మామూలుగా ప్రతి వాయిలో ఒకటి వేయించి చూసే అమ్మ, ఆ తొందరలో చూడకుండానే గంపలు కట్టించింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం గంపలన్నీ రిక్షా ఎక్కి వెనక్కి వచ్చాయి. అమ్మ బాణలి పెట్టి ఒకటి వేసింది. ఇటుక రంగులో ఎర్రగా పొంగింది. ఇంకోటి వేసింది, అదీ అంతే. తుంచి నోట్లో వేసుకుంటే సబ్బు నాకినట్టు ఉంది. అమ్మ పొయ్యి ముందు అలాగే కూర్చుండిపోయింది. నేను గుమ్మంలో నిలబడి నా చేతులు చూసుకున్నాను. నా చేతులే అనుకున్నాను. అప్పడం నిజం చెప్పేసింది అనుకున్నాను.

నాయనమ్మ నలుగురినీ వరండాలో నిలబెట్టింది. టైలరు భార్య తులసికోట మీద చెయ్యి వేసి తన రోజులు చెప్పింది. పంతులు భార్యా చెప్పింది. అమ్మ లెక్క నాయనమ్మకు తెలిసిందే. చివరికి సత్తెమ్మ వైపు తిరిగింది.

"మాఘం నుంచి ఇప్పటిదాకా నువ్వు ఒక్క పూటైనా పని మానావా?"

సత్తెమ్మ కొంగు ముందుకు లాక్కుంది.

"నేను చూస్తూనే ఉన్నాను. మూడు నెలలు. ఒక్కసారి కూడా బయట కూర్చోలేదు. ఆడదానివి కాదా నువ్వు?"

సత్తెమ్మ అమ్మ వంక చూసింది. తర్వాత గుమ్మంలో జల్లెడ పట్టుకుని నిలబడ్డ నా వంక చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా మీద ఉంది. దాన్నుంచి తప్పుకోవడానికి నేను చేయని ప్రయత్నం లేదు. తర్వాత తల వంచి, "తప్పైంది పెద్దమ్మా" అంది.

"పని పోతుందని దాచావా సత్తెమ్మా?" అంది అమ్మ. "నాకొక్క మాట చెబితే కాదనేదాన్నా? నీ మాట మీదే కదా ఇంత పని నెత్తికెత్తుకున్నాను. నన్ను నిలువునా ముంచావు కదే. రేపటి నుంచి నువ్వు రావద్దు."

అప్పుడు నాకు కలిగింది సంతోషం. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది కాబట్టి గట్టిగానే రాస్తాను. నాకు సంతోషం కలిగింది. ఆమే ఒప్పుకుంది కదా, అయితే నేను కాదు, నా బడి ఉంటుంది అనుకున్నాను. ఇద్దరి చేతులూ తగిలి ఉండొచ్చని కూడా ఆ వెంటనే తోచింది. కాని ఆ ఆలోచనను లోపలికి రానివ్వలేదు. సత్తెమ్మ తన కర్ర కడిగింది, పీట గోడకు ఆనించింది, మిట్టమధ్యాహ్నం ఎండలో కొంగు నెత్తిన వేసుకుని నడిచి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా ద్రాక్షతోటలో గుడిసె కూడా ఖాళీ చేశారు. నాచారం వైపు పోయారని ఎవరో చెప్పారు.

నాయనమ్మ రోలుకీ రోకలికీ పసుపు రాయించి, ఆషాఢందాకా పని ఆపించింది. అప్పటికి వానలు పడ్డాయి, బావిలో నీళ్ళు పైకి వచ్చాయి. చదువు వంక పెట్టి నేను మళ్ళీ పిండి జోలికి పోలేదు. ఈసారి అప్పడాలు మల్లెపూల మాదిరి తెల్లగా వేగాయి. "చూశారా మరి" అంది నాయనమ్మ. నాకూ అది సాక్ష్యమే అయింది. సత్తెమ్మ పోయినందుకు కాదు, నా చేతులు పిండిలో లేనందుకు తెల్లబడ్డాయని రాత పుస్తకంలో లెక్క చేసినంత స్పష్టంగా నాకు తెలుసు అనుకున్నాను. ఆ చలికాలంలో నాయనమ్మ పోయింది. మైల తీరిన నెలకు, ఆ రోజే మొదలైనట్టు అమ్మతో చెప్పాను. బడి మాన్పించే మాట ఎత్తేవాళ్ళు ఇంట్లో ఇక లేరు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది, బావి మళ్ళీ అడుగంటింది. ఒకరోజు అమ్మ వేయించిన అప్పడం మళ్ళీ ఇటుక రంగులో పైకి తేలింది. సత్తెమ్మ లేదు. నేను పిండి తాకి ఏడాదైంది. అదే వారంలో అన్నం పసుపుపచ్చగా ఉడుకుతోందని నాన్న ఒక సీసాలో బావినీళ్ళు పట్టుకుపోయి, ఆఫీసులో తెలిసిన సైంటిస్టు గారికి చూపించాడు. సాయంత్రం అన్నం తింటూ తాపీగా చెప్పాడు. "మన బావినీళ్ళలో సోడా గుణం ఎక్కువైందట. ఎండలకు నీళ్ళు తగ్గేకొద్దీ ఇంకా పెరుగుతుందట. ఈ నీళ్ళకు తోడు మీరు అప్పడాల్లో ఖారం కూడా వేస్తే ఎర్రబడక చస్తాయా అని నవ్వాడాయన. వీధి కొళాయి నీళ్ళు వాడమన్నాడు." అమ్మ చేతిలో పులుసు గరిటె ఉంది. అది గిన్నెలోకి పోలేదు, నాన్న కంచంలోకీ పోలేదు. నాన్న రెండుసార్లు అడిగాడు. నేను తల ఎత్తలేదు, అమ్మ నా వైపు చూడలేదు. ఒకే మనిషి గురించి ఒకే ఇంట్లో ఇద్దరం నోరు మూసుకున్నామని ఆ పూట మా ఇద్దరికీ తెలియదు.

అమ్మ మర్నాటి నుంచి కొళాయి నీళ్ళు మోయించింది. అప్పడాలు తెల్లబడ్డాయి, పేరొచ్చింది, నాలుగు పీటలు పాతికయ్యాయి. ఇంకో మార్పు కూడా వచ్చింది. పనికొచ్చిన ఏ ఆడమనిషినీ అమ్మ రోజుల గురించి మళ్ళీ అడగలేదు. ఎవరైనా తమంతట తాము చెప్పబోతే, "నాకెందుకమ్మా అవన్నీ, ఒంట్లో బాగుంటే రా, లేకపోతే పడుకో" అనేది. ఆ కాలంలోనే ఎంత అభ్యుదయ భావాలు అని ఒకాయన సభలో పొగిడితే, అమ్మ మధ్యలో లేచి ఇంటికి వచ్చేసింది. సత్తెమ్మ పీట గోడకు ఆనించి ఉన్నది అలాగే ఉండేది. కొత్తవాళ్ళెవరైనా తీసుకోబోతే, "అది కాదు, ఇంకోటి తీసుకో" అనేది. మధ్యాహ్నాలు కర్రల చప్పుడు ఒక లయలో పడినప్పుడు ఉన్నట్టుండి చెయ్యి ఆపి, "ఎవరో వచ్చినట్టున్నారు, చూడు" అనేది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండేవాళ్ళు కారు. ఆఖరి జబ్బులో మమ్మల్ని గుర్తుపట్టడం మానేశాక కూడా, "సత్తెమ్మా, పిండి ఆరిపోతోంది, తడిగుడ్డ కప్పు" అని రెండు మూడు సార్లు అంది. నేనే లేచి కప్పినట్టు చేసేదాన్ని. ఇప్పుడు నా మనవరాలు భోజనాల బల్ల దగ్గర తాతగారి ముందే పీరియడ్స్ వచ్చాయని చెప్పి, అదే చేత్తో ఆవకాయ జాడీ మూత తీస్తుంది. ఆవకాయకు ఏమీ కాదు. సంతోషమే. కాని జాడీ మూత తెరుచుకున్నప్పుడల్లా నా చూపు ముందు గుమ్మం వైపు పోతుంది, ఎవరైనా చూశారేమోనని.

డిగ్రీ అయ్యాక నాకు నాచారంలో ఒక బడిలో లెక్కల టీచరుగా పని దొరికింది. బడిలో ఒకరోజు భోజనాలు పెడితే విస్తరాకుల కట్టలు వచ్చాయి. అంత శుభ్రంగా ఎవరు కుట్టారని ఆయాను అడిగితే, "ఫ్యాక్టరీల గేటు పొంట సత్తెమ్మ కొట్టంలకెళ్ళి తెచ్చిన టీచరమ్మా" అంది. రెండు వారాలు ఆ దారి తప్పించి నడిచాను. మూడో వారం వెళ్ళాను. నీళ్ళ సంగతి చెప్పి, నా సంగతి కూడా చెప్పి, క్షమించమని అడగాలని వెళ్ళాను. రేకుల కొట్టం, కింద చల్లటి నీడ, కీసర వైపు నుంచి వచ్చిన మోదుగాకు గుట్టలు, ఎండుటాకు వాసన. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు పుల్లలతో ఆకులు కుడుతున్నారు. మధ్యలో సత్తెమ్మ. జుట్టు నెరిసింది గాని మనిషి అలాగే ఉంది.

"వదినె చిన్నబిడ్డవా? అవ్వో, ఎంత పొడుగైనవ్! కూసో, కూసో" అని పక్కన చోటు చేసింది. ఈ పని ఎలా పెట్టావత్తా అని అడిగాను. "మీ ఇంటికెళ్ళి పోయినంక మల్ల తట్ట మోయబుద్ధి గాలె బిడ్డా. నీడ అలవాటైపాయె. ఎండుటాకుకు అంటేంది, ముట్టేంది? ఈడ ఎవ్వరిని బయట కూసోబెట్టేది లేదు. ఎవ్వరికి ఏ దినమనేది నేనడగ, వాళ్ళు జెప్పరు. గందుకే గీ పని పెట్టుకున్న" అంది. వేళాకోళంగానే అంది. నేను నవ్వలేకపోయాను.

అంతలో బడి సంచీ ఊపుకుంటూ ఒక పిల్ల వచ్చి ఆమె వీపు మీద వాలింది. "నా బిడ్డనే. యాదగిరి నర్సన్న ఇచ్చిండు. దీపావళికి ఎనిమిదేండ్లు నిండుతయ్" అంది. లెక్కల టీచర్ని, లెక్కపెట్టడానికి నాకు వేళ్ళు అక్కర్లేదు. ఎనిమిదేళ్ళ కింద దీపావళికి పుట్టిన పిల్ల, ఆ వైశాఖంలో సత్తెమ్మ కడుపులో మూడు నెలలది. మాఘం నుంచి ఆమె ఎందుకు బయట కూర్చోలేదో నాకు అప్పుడు తెలిసింది. పద్నాలుగేళ్ళుగా లేని కడుపు ఉండొచ్చని నాయనమ్మకు గాని, అమ్మకు గాని తోచలేదు.

"ఒక్క మాట చెబితే పోయేది కదా అత్తా! కడుపుతో ఉన్నానని ఎందుకు చెప్పలేదు?"

పిల్లను నీళ్ళు తాగి రమ్మని పంపింది. "అయిదో నెల దాక ఎవ్వరికి జెప్పద్దన్నది మా అత్త, దిష్టి తాకుతదని. గదొకటి. ఇంకోటి..." అని గొంతు తగ్గించింది. "ఆముదం చెట్ల కాడ నువ్వు లంగ ఉతుకుడు నేను సూసిన బిడ్డా. నా కడుపు ముచ్చట జెప్తే, మరి గది ఎవ్వలని ముసలమ్మ ఎతుకుతది. ఇంట్ల ఇంకెవ్వలున్నరు? మీ అక్క పుస్తకాల సంచిల పప్పులు పోసుకున్నది యాదికొచ్చింది. నా పని పోతే ఇంకో పని దొరుకుతది, నీ సదువు పోతే మల్ల రాదు అనుకున్న. చిన్నపిల్లవు, నీకేం ఎరుక, నీ చెయ్యి తగిలి ఎర్రబడ్డయి, అయిపాయె."

అంటే ఎనిమిదేళ్ళుగా ఆమె కూడా అది నా చెయ్యే అనుకుంది. అనుకునే మోసింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కొంగుతో నా మొహం తుడుస్తుంటే, నా చెయ్యి కాదత్తా, ఎవరి చెయ్యీ కాదు, బావినీళ్ళు అని మొత్తం చెప్పేశాను. నాన్న సీసా, సోడా గుణం, కొళాయి నీళ్ళు అన్నీ. ఆమెకు బరువు దిగుతుందనుకున్నాను. సత్తెమ్మ మొదట పకపకా నవ్వింది. "నీళ్ళా!" అంది. తర్వాత అడిగింది.

"మీ అమ్మకు ఎరుకేనా?"

"తెలుసు."

"ఎప్పటిసంది?"

"ఆ మరుసటేడు నుంచి."

ఆమె చేతిలో ఆకు ఆగింది. అప్పటిదాకా ఉన్న నవ్వు మొహం మీద నుంచి మెల్లగా పోయింది. కొంచెం సేపటికి, నా వైపు చూడకుండా, "ఉప్పల్‌కెళ్ళి నాచారం ఎంత దూరముంటది బిడ్డా?" అంది. రోజూ నేను నడిచొచ్చే దారే, ముప్పావు గంట. ఆమె మళ్ళీ ఆకు అందుకుని కుట్టుకుంది. నా బరువు దించుకుందామని పోయి, అంతవరకూ లేని బరువొకటి ఆమె నెత్తిన పెట్టి వచ్చాను. మళ్ళీ రమ్మని సత్తెమ్మ నాతో అనలేదు.

ఇంటికి వచ్చేసరికి పనివాళ్ళు వెళ్ళిపోయారు. అమ్మ వరండాలో ఒక్కతే కూర్చుని ఆరిన అప్పడాలు దొంతర పెడుతోంది. "నాచారంలో సత్తెమ్మను చూశాను" అన్నాను. అమ్మ తల ఎత్తలేదు. "బాగుందా?" అంది. బాగుందనీ, విస్తరాకులు కుట్టిస్తోందనీ చెప్పాను. నన్ను కాపాడిన సంగతి ఆ రోజు కూడా చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. "కూతురుంది. దీపావళికి ఎనిమిదేళ్ళు నిండుతాయట" అని మాత్రం అన్నాను.

అమ్మ బొటనవేలు కుడిచేతి కణుపుల మీదికి వెళ్ళింది. ఆశ్వయుజం, భాద్రపదం, శ్రావణం అనుకుంటూ వెనక్కి వెళ్ళింది. వైశాఖం దగ్గర ఆగింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. వీధిలో బస్సు ఒకటి వచ్చి ఆగి వెళ్ళింది. అప్పుడు చిన్నపిల్ల అడిగినట్టు నన్ను అడిగింది.

"ఆ రోజు అంత ఎండలో పంపేశానే... వెళ్ళేటప్పుడు దానికి గుక్కెడు మంచినీళ్ళన్నా ఇచ్చానా నేను?"

"ఇచ్చావమ్మా" అన్నాను. "చెంబు నిండా ఇచ్చావు."

ఇవ్వలేదు.